కంట్రోలరు గారి కాలింగ్ బెల్లు

జీవరత్నం గారికి ఒక్కటే జబ్బు. తన ఇంటి గేటు దాటే ఏ మనిషినీ ఆయన మనిషిగా చూడలేరు, బస్సుగానే చూస్తారు. ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది, ఎంత ఆలస్యం, ఎందుకాలస్యం, ఇవన్నీ తేలేదాకా ఆయనకు ముద్ద దిగదు. ముప్పై నాలుగేళ్ళు బస్టాండులో కంట్రోలరుగా కూర్చుని, మైకులో బస్సుల్ని పిలిచి పిలిచి రిటైరయ్యారు. ఆఖరి రోజున దండ వేసి, శాలువా కప్పి సాగనంపారు గాని, ఆ మైకు గొంతును మాత్రం వెనక్కి పుచ్చుకోవడం మరిచిపోయారు. అది ఆయనతోపాటే బందరు ఈడేపల్లిలోని మేడ ఇంటికి వచ్చేసింది.

రెండేళ్ళపాటు ఆ గొంతుకు పని లేకపోయింది. "దయామణీ, మంచినీళ్ళు" అని ఆయన వంటింట్లో భార్యను పిలిస్తే వీధి చివర కొట్టులో సోడా తాగుతున్నవాళ్ళు ఉలిక్కిపడేవారు. ఆ తర్వాత ఆయనకు కెమెరా ఉన్న కాలింగ్ బెల్లు దొరికింది. ఎవరైనా గేటు దగ్గరికి రాగానే ఆయన ఫోను మోగుతుంది, వచ్చినవాళ్ళ మొహం ఫోన్లో కనిపిస్తుంది, ఆయన ఫోన్లో మాట్లాడితే ఆ మాట గేటు స్తంభంలోంచి వినిపిస్తుంది. తలుపు తీయనక్కర్లేదు, కుర్చీలోంచి లేవనక్కర్లేదు. అలాంటి వస్తువును అలాంటి మనిషి చేతిలో పెట్టినవాణ్ణి ఏమనాలో, మేడమీది వాటాలో అద్దెకుంటున్న మోహన్‌కు ఈరోజుకీ సరైన తిట్టు దొరకలేదు.

మోహన్ ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. ఏ కార్యాలయమో చెప్పడం లేదు, ఎందుకంటే ఆఫీసు టైములో అతను ఎక్కడుండేవాడో ముందుముందు చెప్పాల్సి వస్తుంది. లోకంలో తనొక్కడే తెలివైనవాడని, మిగతావాళ్ళు తన ఓపికను పరీక్షించడానికి పుట్టారని అతని నమ్మకం. ఇంటి ఓనర్ల విషయంలో ఆ నమ్మకం మరీ గట్టిది.

బెల్లు రావడానికి మూలం ఒక జత చెప్పులు. జీవరత్నం గారింట్లో నెలకోసారి గృహకూడిక జరుగుతుంది. ముప్పై మంది వచ్చి, ముప్పై జతలు వాకిట్లో విడిచి, పాటలు పాడి, ప్రార్థన చేసుకుని, టీ తాగి వెళ్తారు. ఒక నెల అందరూ వెళ్ళాక చూసుకుంటే ఆయన కొత్త తోలు చెప్పులు లేవు. వెంటనే విజయవాడలో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతున్న కొడుకు ఉదయ్ కిరణ్‌కు కబురు వెళ్ళింది. ఆ పుణ్యాత్ముడు వచ్చి స్తంభానికి బెల్లు బిగించి, తండ్రికి వాడకం నేర్పి, తన చెవులు తాను కాపాడుకుంటూ విజయవాడ వెళ్ళిపోయాడు.

మరుసటి నెల కూడికలో సాక్షాత్తూ పాస్టరు డేనియల్ గారి చెప్పులే పోయాయి. జీవరత్నం గారు ఆనందం పట్టలేకపోయారు. "ఎవరూ కదలొద్దండి. దొంగ రికార్డయి ఉంటాడు" అని, సంఘమంతటినీ మళ్ళీ కూర్చోబెట్టి, ఫోన్లోది టీవీకి ఎక్కించారు. దొంగ కనిపించాడు. టీలోకి పాలు చాలలేదని, పాస్టరు గారి చెప్పులు కాళ్ళకు తగిలించుకుని, చేతులూపుకుంటూ కొట్టుకు నడిచి, తిరిగి వట్టి కాళ్ళతో వస్తున్న జీవరత్నం గారే ఆ దొంగ. మనిషిని పంపితే కొట్టు అరుగు కింద పాస్టరు గారి జతా, పోయిన నెల జతా పక్కపక్కనే దొరికాయి. జీవరత్నం గారు వీడియోను ఇంకోసారి వేసి, తలాడించి, "క్లారిటీ బాగుందండి" అన్నారు.

అక్కణ్ణించి ఆయన్ని పట్టేవాళ్ళు లేరు. గ్యాసు బండ మోసుకొచ్చే తాతారావును భుజం మీద బండతోనే నిలబెట్టేవారు.

"ఎన్నింటికి బయల్దేరారు?"

"తొమ్మిదింటికండి. గేటు తీయండి, భుజం లాగేస్తోంది."

"తొమ్మిదింటికి బయల్దేరిన బండి పదకొండింటికి రావడమేంటి? మధ్యలో ఎన్ని స్టేజీలు?"

గిలకలదిండి నుంచి మోపెడ్ మీద చేపలు తెచ్చే చిన్నబాబు సంగతి వేరు. అతను చేపను తెచ్చి బెల్లుకు చూపించాలి. మొప్పలు ఎత్తి చూపించాలి, తిప్పి తోక చూపించాలి. ఆ కెమెరాకు దగ్గరగా ఏది పెట్టినా ఇంతింతై కనిపిస్తుందని చిన్నబాబు రెండో రోజే కనిపెట్టేశాడు. అరకిలో పండుగప్పను స్తంభానికి ఆనించి పట్టుకునేవాడు. లోపల ఆయన "దయామణీ, పెద్ద గిన్నె తియ్యి, సొరచేపంత ఉంది" అనేవారు. తీరా తలుపు తీశాక దయామణి గారు ఆ చేపనూ మొగుణ్ణీ మార్చి మార్చి చూసి, "బస్సులు కూడా ఇలాగే చూసి పంపారా ఇన్నాళ్ళూ" అనేవారు.

ఇవన్నీ మోహన్ మేడమీంచి చూసి నవ్వుకునేవాడే. తన దాకా వచ్చేసరికి నవ్వు రాలేదు. రోజూ ఉదయం అతను మెట్లు దిగి గేటు దగ్గరికి రాగానే స్తంభం మాట్లాడేది.

"మోహన్ గారూ, తొమ్మిదీ నలభై. మీరు తొమ్మిదిన్నర సర్వీసండి."

"తెలుసండి."

"పది నిమిషాలు లేటు. కారణం?"

"ఇస్త్రీ అవలేదండి."

"రాసుకుంటున్నాను."

నిజంగానే రాసుకునేవారు. ఆ వేసవి దాటాక ఆ పిచ్చి ఇంకో మెట్టు ఎక్కింది. ఉత్త టైము చెప్పడం పోయి, "ప్రయాణికులకు ముఖ్య గమనిక" అని మొదలుపెట్టి, పాలవాడు వచ్చినా, పేపరువాడు వచ్చినా పూర్తి బస్టాండు ఫక్కీలో కేకలు వేయసాగారు. గేటు పక్కన ఒక సిమెంటు బెంచీ కూడా వేయించారు. స్తంభం మీద నల్లరంగుతో 3 అని అంకె రాయించారు. అదేమిటని మోహన్ అడిగితే, "ప్లాట్‌ఫారం నంబరండి" అని మామూలుగా చెప్పారు. "ఈయనకు పూర్తిగా తిరిగిపోయింది" అని మోహన్ భార్యతో అన్నాడు. చిన్న బడిలో టీచరైన రేవతి పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, "మీకేం నష్టం" అంది. అతనికి ఒళ్ళు మండింది.

అసలు ఆ రోజుల్లో మోహన్ ఇంట్లో ఇంకో పెద్ద బెంగ ఉండేది. హంసలదీవి నుంచి తల్లి సత్యవతమ్మను తెచ్చి తన దగ్గర పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళు గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మి, కొడుకును గుమాస్తా చేసిన మనిషి. ఇప్పుడు ఆవిడకు మతిమరుపు. తిన్నదీ లేనిదీ గుర్తుండదు. రేవును మాత్రం మరిచిపోలేదు. కొడుకూ కోడలూ పనికి వెళ్ళగానే ఖాళీ గంప తీసుకుని, వలలు వచ్చేస్తాయని మెట్లు దిగేసేది. మొదటి నెలలోనే మూడుసార్లు పోయింది. ఒకసారి బస్టాండులో దొరికింది. ఒకసారి గిలకలదిండి రోడ్డు మీద, ఎండలో, కాళ్ళకు చెప్పుల్లేకుండా దొరికింది. మూడోసారి అవనిగడ్డ బస్సెక్కి చల్లపల్లిలో దిగిపోతే, సాయంత్రం దాకా ఆచూకీ తెలియక మోహన్ రోడ్డు మీద కూర్చుని ఏడ్చాడు.

"గదిలో పెట్టి తాళం వేసేద్దాం" అన్నాడు ఆ రోజు.

"మనిషినా, కోడినా?" అంది రేవతి. "నేనే బడి మానేస్తాను."

బడి మానేస్తే ఇల్లు గడవదు. తాళం వేస్తే తల్లి తలుపు బాదుకుంటూ ఏడుస్తుంది. రెండింటి మధ్యా నలిగి, విజయవాడలో ఒక డాక్టరుకు చూపించి మాత్రలు తెచ్చారు. వారం తిరిగేసరికి ఆవిడ వెళ్ళడం మానేసింది. ఎప్పుడు ఫోన్ చేసినా ఇంట్లోనే ఉంది. మోహన్ ఆ మాత్రల పేరు ఆఫీసులో పదిమందికి రాసిచ్చాడు. జీవరత్నం గారికి కూడా, సైన్సంటే ఏమిటో ఈయనకు తెలియాలని, అరగంట వివరించాడు. ఆయన ఓపిగ్గా విని, "మంచి మందులండీ" అన్నారు.

తల్లి కుదుటపడ్డాక మోహన్‌కు కంట్రోలరు గారి మీద పూర్తి శ్రద్ధ పెట్టడానికి తీరిక దొరికింది. సరిగ్గా అప్పుడే అతని ఆఫీసరు ఇందిరాదేవి గారు, మనవరాలి ఫంక్షన్ కార్డు ఇద్దామని ఓ సాయంత్రం గేటు దగ్గరికి వచ్చారు. మోహన్ మెట్లు దిగుతున్నాడు. స్తంభం అతనికంటే ముందు అందుకుంది.

"ఎవరండీ? ఎక్కణ్ణించి?"

"మోహన్ గారి ఆఫీసర్నండి. ఉన్నారా?"

"ఉన్నారండి. ఇవాళ ఐదూ పదికి ఇన్. నిన్న మాత్రం పదకొండూ ఇరవైకే ఇన్, రెండూ యాభైకి అవుట్. మొన్న కూడా అంతేనండి."

ఇందిరాదేవి గారు కళ్ళద్దాలు సర్దుకున్నారు. "నిన్న ఆయన కృత్తివెన్ను క్యాంపు వెళ్ళారండి."

"ఆ సర్వీసు రద్దయిందండి. పులుసన్నం తిని పడుకున్నారు."

ఆ రాత్రి మోహన్‌కు నిద్ర పట్టలేదు. మర్నాడు ఆఫీసులో మెమో అందింది. సాయంత్రం ఇంటికొస్తూనే కింది వాటా తలుపు కొట్టి, నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేస్తున్నామని చెప్పేశాడు. పరాసుపేటలో ఇల్లు కూడా మాట్లాడేశాడు. జీవరత్నం గారు, అడగకూడనిది అడుగుతున్నట్టు, మెల్లగా అన్నారు.

"కొత్తింటికి ఇలాంటి బెల్లుందాండీ?"

"లేదండి. అందుకే వెళ్తున్నాం."

"ఒకటి పెట్టిస్తే మంచిది. ఖర్చు నేను పెట్టుకుంటాను. ఫోను మాత్రం నా దగ్గరే ఉంటుందనుకోండి."

ఇంతటి సిగ్గులేనితనం మోహన్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మనిషి ఊరి అవతలికి వెళ్ళినా వెంటబడి టైములు రాసుకుంటాడట. "మీరు ఎవరైనా డాక్టరుకు చూపించుకోండి" అని మొహం మీదే అనేసి మేడెక్కాడు. రేవతి వద్దన్నా వినలేదు.

నెలాఖరు శనివారం సామాను సర్దడానికి సెలవు పెట్టాడు. రేవతి బడికి వెళ్ళింది. జీవరత్నం గారూ, దయామణి గారూ మేనకోడలు దీవెన పెళ్ళికని తెల్లారే గుడివాడ వెళ్ళారు. ఇల్లంతా హాయిగా ఉంది, స్తంభం నోరు మూసుకుంది. మోహన్ వంటింట్లో గిన్నెలు అట్టపెట్టెలోకి ఎత్తుతున్నాడు. పదీ పదిహేనుకు ముందు గదిలో అలికిడయింది. వచ్చి చూస్తే తల్లి లేదు, మూలనున్న గంప లేదు.

మెట్ల దగ్గరికి పరుగెత్తాడు. సత్యవతమ్మ అప్పటికే గేటు దగ్గరుంది, గడియ మీద చెయ్యి వేసింది. ఇంకో క్షణం ఆగితే వీధిలో ఉంటుంది. మోహన్ కేక వేయబోయాడు. అంతలో స్తంభం మాట్లాడింది. వెనకాల ఎక్కడో మనుషులు గుసగుసలాడుతున్నారు. ఆ గుసగుసల మీదుగా నిండైన బస్టాండు గొంతు వచ్చింది.

"ప్రయాణికులకు ముఖ్య గమనిక. అవనిగడ్డ, కోడూరు మీదుగా హంసలదీవి వెళ్ళవలసిన బస్సు కొద్ది ఆలస్యముగా మూడవ నంబరు ప్లాట్‌ఫారము మీదకు వచ్చును. ఆలస్యమునకు చింతిస్తున్నాము."

సత్యవతమ్మ గడియ మీంచి చెయ్యి తీసింది. స్తంభం మీది అంకెను ఒకసారి చూసుకుని, బెంచీ మీద గంప పెట్టి, పక్కన తను కూర్చుంది.

"ఎంతసేపు పడుద్దయ్యా?" అని స్తంభాన్ని అడిగింది.

"గంట పడుతుందమ్మా. టైరు మారుస్తున్నారు."

"నిన్నా అదే అన్నావు."

"ఆ రోడ్డు అలాంటిదమ్మా. ఎండగా ఉంది, ఇంటికెళ్ళి టీ తాగి రండి."

"నా సీటో?"

"కిటికీ పక్కది పట్టి ఉంచుతాను. మీ గంపకు కూడా చోటుంచుతాను."

ఆవిడ సంతృప్తిగా లేచి, కొంగుతో మొహం తుడుచుకుని, మెట్లెక్కి వచ్చింది. దారికి అడ్డంగా నిలబడ్డ కొడుకును చూసి, "బండి లేటంటరా, టీ పెట్టు" అని లోపలికి వెళ్ళి పడక్కుర్చీలో కూలబడింది. టీ కాగేలోపు బండినీ, రేవునూ మరిచిపోయి కునుకు తీసింది.

మోహన్ కిందకు దిగి గేటు ముందు నిలబడ్డాడు. అతన్ని చూడగానే స్తంభం, "మోహన్ గారూ, పదీ ఇరవై ఐదు. మీరు డిపోలోనే ఉన్నారేంటండీ?" అంది.

"సెలవు పెట్టాను." మోహన్ స్తంభానికి దగ్గరగా జరిగాడు. "ఎన్నాళ్ళ నుంచండీ ఇది?"

అవతల ఎవరో ఆర్గన్ అందుకున్నారు. ఆయన మామూలు గొంతుతో చెప్పారు. "చల్లపల్లి నుంచి తీసుకొచ్చారు చూడండి, ఆ మర్నాటి నుంచి. మళ్ళీ గంప పట్టుకుని వచ్చారు. ఆగండమ్మా అంటే ఆగలేదు. బస్సు లేటమ్మా అన్నాను. ఆగిపోయారు. మైకంటే ఆవిడకు నమ్మకమండి. నలభై ఏళ్ళు ప్రయాణం చేసిన మనిషి కదా. రోజుకు రెండు ట్రిప్పులు, పదింటికీ, మూడున్నరకీ. మధ్యలో భోంచేసి పడుకుంటారు, మీరూ అప్పుడే వచ్చి పడుకుంటారు."

"మరి ఆ పాలవాడికీ, పేపరువాడికీ కేకలు?"

"ఒక్క బస్సే ఉంటే బస్టాండని ఎవరు నమ్ముతారండీ?"

మోహన్ బెంచీ మీద కూర్చున్నాడు. "నాకు ఒక్కమాట చెప్పలేదేం?"

"చెబుదామనే అనుకున్నాను. మీరు ఆ మాత్రల గురించి అంత సంతోషంగా చెప్తుంటే, పోనీలే అనిపించింది. అదీగాక ప్రయాణికుల వివరాలు బయటపెట్టకూడదండి."

"నా వివరాలు మా ఆఫీసరుకు పెట్టారుగా."

"మీరు ప్రయాణికులెలా అవుతారు? మీరు సిబ్బంది."

ఇంతలో అవతలినుంచి దయామణి గారి గొంతు, పళ్ళ బిగువున, "ఫోను పెట్టి లోపలికొస్తారా, పెళ్ళి ఆపేస్తారా" అంది. గుడివాడ చర్చిలో జరిగిందేమిటో ఆవిడ సాయంత్రం తిరిగొచ్చాక వివరంగా చెప్పారు. పాస్టరు గారు వధూవరులను నిలబెట్టి, ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పాలి అన్నారు. చర్చి నిశ్శబ్దమైంది. సరిగ్గా అప్పుడు జీవరత్నం గారి జేబులో ఫోను మోగింది. ఆయన గుమ్మం దాకా పరుగెత్తారు గాని ఆ గొంతుకు గుమ్మం ఒక లెక్కా? కొద్ది ఆలస్యము, చింతిస్తున్నాము, అని చర్చంతా వినిపించింది. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు సగం మంది లేచి నిలబడ్డారు. వాళ్ళను కూర్చోబెట్టడానికి పాస్టరు గారు ఒక పాట ఎక్కువ పాడించాల్సి వచ్చింది. బంధువుల్లో ఇంకో ఏడాది దాకా తల ఎత్తుకోలేనని దయామణి గారు అన్నారు. అంటూనే సత్యవతమ్మకని మూటగట్టి తెచ్చిన పెళ్ళి లడ్డూలు మోహన్ చేతిలో పెట్టారు.

మోహన్ ఆ రోజే పరాసుపేట ఇంటివాళ్ళకు రావడం లేదని ఫోన్ చేసేశాడు. అట్టపెట్టెలు విప్పుతుంటే రేవతి కళ్ళొత్తుకుంది. తర్వాత మూడు రోజులపాటు, విజయవాడ మాత్రలను పొగిడిన మాటలన్నీ అతనికే ఒక్కొక్కటిగా గుర్తు చేసింది. క్షమాపణ చెబుదామని కిందికి వెళ్తే జీవరత్నం గారు వినలేదు. పుస్తకం తీసి, మోహన్ మర్నాటి టైము అడిగి రాసుకున్నారు. ఎంత మేలు చేసినా ఆయన భరించరాని మనిషేనని మోహన్‌కు అప్పుడు మళ్ళీ అనిపించింది. అందులో తప్పేమీ లేదు.

కార్తీకంలో చలిగాలి తిరిగాక జీవరత్నం గారి గొంతు పూర్తిగా పోయింది. మిరియాల కషాయం తాగినా, ఆవిరి పట్టినా గాలి తప్ప మాట రాలేదు. డాక్టరు వారం రోజులు నోరు తెరవొద్దన్నాడు. దయామణి గారు దేవునికి స్తోత్రం చెప్పుకున్నారు. మోహన్ మాత్రం కంగారుపడిపోయి, తన ఫోన్లో కూడా ఆ బెల్లు పెట్టించుకుని, ఆ వారం డ్యూటీ తనే చేస్తానన్నాడు.

సోమవారం పదింటికి అతను ఆఫీసులో ఉన్నాడు. మెమో తర్వాత పదింటికి అతను ఆఫీసులోనే ఉంటున్నాడు. ఫోను మోగింది. గంపతో తల్లి కనిపించింది. చుట్టూ పదిమంది గుమాస్తాలు, ఎదురుగా ఇందిరాదేవి గారు. మోహన్ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టుకుని, చిన్న గొంతుతో, "హంసలదీవి బస్సు ఇంకా రాలేదు" అన్నాడు.

సత్యవతమ్మ గడియ మీంచి చెయ్యి తీయలేదు. స్తంభం వైపు అనుమానంగా చూసింది.

"నువ్వెవరివి? కొత్తగా వచ్చావా?"

"అవునమ్మా."

"పెద్దాయనేడి?"

"సెలవులో ఉన్నాడు."

"ఆయనైతే గౌరవంగా చెప్తాడు. నువ్వేంటి, రాలేదంటే రాలేదని గొణుగుతున్నావు. తిండి తినలేదా? ఇట్టా చెప్తే జనం నమ్ముతారా? నేను నడిచే పోతాను."

గడియ కిర్రుమంది. మోహన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. ఫైళ్ళు వదిలేసి ఆఫీసంతా తన వైపు తిరుగుతుండగా, నిండుగా, ముక్కులోంచి, గోడలు మోగేలా అందుకున్నాడు.

"ప్రయాణికులకు ముఖ్య గమనిక. అవనిగడ్డ, కోడూరు మీదుగా హంసలదీవి వెళ్ళవలసిన బస్సు కొద్ది ఆలస్యముగా వచ్చును. ఆలస్యమునకు చింతిస్తున్నాము."

సత్యవతమ్మ గంప దించి బెంచీ మీద పెట్టింది.

"ఆ, అదీ. ఇప్పుడు ఉద్యోగస్తుడిలా ఉన్నావు" అంది. "టీ తాగొస్తాను. కిటికీ పక్క సీటు ఎవరికీ ఇవ్వమాక."

"ఇవ్వనమ్మా" అన్నాడు మోహన్, ఆఫీసరు చూస్తుండగానే.